కుట్టు విప్పాలి, బట్ట చిరగకూడదు: పనిముట్టు ఎంపికలో ఏం చూడాలి?

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): కుట్టిన బట్టను విప్పి మళ్లీ కుట్టవలసిన అవసరం ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక సందర్భంలో వస్తూనే ఉంటుంది. పెళ్లికి కుట్టించిన రవిక బిగుతైనప్పుడు, పిల్లల యూనిఫాం పొట్టిదైనప్పుడు, ఉతికిన చీరకు ఫాల్ ముడుచుకుపోయినప్పుడు మొదట చేయవలసింది పాత కుట్టును తీయడమే. కుట్టు వంకరపోతే మరోసారి వేసుకోవచ్చు. విప్పేటప్పుడు బట్ట తెగితే ఆ లోపాన్ని సరిదిద్దడం కష్టం. అయినా కుట్టుమిషను కొనేటప్పుడు చూపే శ్రద్ధ, కుట్టు విప్పే పనిముట్టు విషయంలో చాలామంది చూపరు. చేతికందిన బ్లేడు ముక్కతోనే పని కానిచ్చేస్తారు.

పట్టు నేతకు పేరుపొందిన చాంపా పట్టణానికి చేరువలో ఉన్న బిలాస్‌పూర్ వంటి చోట ఈ నిర్లక్ష్యం ఖరీదైనదే. ఇక్కడి ఇళ్లలో సున్నితమైన పట్టు, ముతక యూనిఫాం గుడ్డ పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ ఒకే పనిముట్టు, ఒకే పద్ధతి సరిపోవు.

రైలు మార్గం, తెలుగు కుటుంబాలు, కోసా పట్టు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ కంపెనీ మార్గంలో బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలిగా ఎదిగింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికీ విశాఖ తీరానికీ మధ్య రైలు బంధం బలపడింది. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమైంది. కోర్బా–విశాఖపట్నం, బిలాస్‌పూర్–తిరుపతి రైళ్లు ఈ పట్టణాన్ని తెలుగునాటతో కలుపుతున్నాయి.

బిలాస్‌పూర్ నుంచి హావ్‌డా వైపు వెళ్లే మార్గంలో సుమారు 50 కిలోమీటర్ల దూరంలో చాంపా ఉంది. 1998 వరకు అది బిలాస్‌పూర్ జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు జాంజ్‌గీర్–చాంపా జిల్లాలో భాగం. అక్కడి పట్టు చీరలకు, వస్త్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని కోసా అంటారు. తెలుగులో దీని పేరు దసలి పట్టు. మద్ది వంటి అడవి చెట్ల ఆకులు తిని పెరిగే పురుగుల గూళ్ల నుంచి ఈ దారం తీస్తారు. తెలంగాణలోని మహదేవపూర్ ప్రాంతంలోనూ దసలి పట్టు పరిశ్రమ ఉంది.

మరోవైపు, రైల్వే పట్టణమంటే యూనిఫాంల పట్టణం కూడా. 7వ వేతన సంఘం సిఫారసుల తర్వాత 2017లో ట్రాక్‌మెన్, రన్నింగ్ సిబ్బంది వంటి వర్గాలకు ఏడాదికి 5,000 రూపాయల చొప్పున డ్రెస్ అలవెన్సు నిర్ణయించారు. అలవెన్సు సొమ్ములోనే గుడ్డ, కుట్టుకూలి, మరమ్మతులు అన్నీ సర్దుకోవాలి. ఉన్న ప్యాంటును వదులు చేసి మరో ఏడాది తొడుక్కోగలిగితే అది నికరమైన ఆదాయే.

ముందు తెలుసుకోవలసింది కుట్టు రకం

పనిముట్టును ఎంచుకునే ముందు, విప్పబోయే కుట్టు ఏ రకమో గుర్తించాలి. ఇళ్లలో సాధారణంగా ఎదురయ్యేవి మూడు.

మొదటిది లాక్‌స్టిచ్. ఇంట్లోని కుట్టుమిషను వేసేది ఇదే. పై దారం సూది నుంచి, కింది దారం బాబిన్ నుంచి వచ్చి బట్ట మందంలో ఒకదానితో ఒకటి మెలిక పడతాయి. అందుకే రెండు వైపులా కుట్టు ఒకేలా కనిపిస్తుంది. ఒక చోట దారం తెగినా మిగతా కుట్టు వెంటనే ఊడిపోదు. దీన్ని లాగి విప్పడం సాధ్యం కాదు, మధ్యమధ్య తెంపుతూ రావాలి. 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజాక్ సింగర్ అమెరికాలో పేటెంట్లు పొందిన మిషన్లు ఈ కుట్టువే.

రెండోది చెయిన్ స్టిచ్, అంటే గొలుసు కుట్టు. బియ్యం బస్తా మూతికి వేసేది ఇదే. ఒక వైపు మామూలు గీతలా, రెండో వైపు గొలుసులా కనిపిస్తుంది. కుట్టు ముగిసిన చివర దారాన్ని పట్టుకుని లాగితే మొత్తం ఒక్క ఊపున ఊడివస్తుంది. మొదలైన చివర నుంచి లాగితే బిగుసుకుపోతుంది. బస్తా మూతి ఒక్కోసారి సులువుగా విడివడటానికి, ఒక్కోసారి ఎంత లాగినా రాకపోవడానికి కారణం ఇదే. సరైన చివర దొరికితే ఈ కుట్టుకు పనిముట్టుతో పెద్దగా పని లేదు.

మూడోది ఓవర్‌లాక్. రెడీమేడ్ దుస్తుల లోపలి అంచులకు దారాలు పోగులు పోకుండా వేసే కుట్టు ఇది. మూడు, నాలుగు దారాలు అల్లుకుని గజిబిజిగా కనిపిస్తుంది. అంచుకు కాస్త లోపలగా సూటిగా సాగేది సూది దారం. దాన్ని అక్కడక్కడ తెంపి బయటికి లాగితే అంచును చుట్టుకున్న మిగతా దారాలు వదులై వచ్చేస్తాయి.

బ్లేడు ఎందుకు ప్రమాదకరం?

దర్జీల దుకాణాల్లో సగానికి విరిచిన గడ్డం బ్లేడు ఇప్పటికీ కనిపిస్తుంది. అది చవక, పదును ఎక్కువ. చేయి తిరిగిన దర్జీ రెండు పొరలను ఎడమచేత్తో లాగిపట్టి, మధ్యలో బిగుసుకున్న దారాలను బ్లేడుతో తాకుతూ నిమిషాల్లో కుట్టు విప్పేస్తాడు. ఏళ్ల అనుభవంతో వచ్చిన నైపుణ్యమది. సమస్య బ్లేడు ఆకృతిలో ఉంది. దాని అంచు తిన్నగా ఉంటుంది, మూలలు కొసదేరి ఉంటాయి. దారానికీ బట్టకూ అది తేడా చూపదు. చేయి కాస్త జారితే మూల వెళ్లి బట్టలో దిగుతుంది. కుట్టు పక్కనే నేత పోగు తెగితే, తిరిగి కుట్టినప్పుడు అక్కడే బట్ట విచ్చుకుపోతుంది. వేళ్లకు గాయం కావడం మరో ప్రమాదం.

సీమ్ రిప్పర్ నిర్మాణం

ఈ లోపాన్ని సరిదిద్దేలా రూపొందిందే సీమ్ రిప్పర్. కొత్త కుట్టుమిషనుతో పాటు వచ్చే పెట్టెలో తరచుగా ఒకటి ఉంటుంది. చూడటానికి రెండు మొనల చిన్న పంగలకర్రలా ఉంటుంది. పొడవాటి మొన సూదిలా వాడిగా ఉంటుంది. పొట్టి మొన చివర చిన్న పూస ఉంటుంది, చాలా వాటిలో అది ఎర్రగా ఉంటుంది. రెండు మొనలూ కలిసే వంపులో లోపలి వైపున పదును ఉంటుంది. పంగలోకి వచ్చిన దారం మాత్రమే తెగుతుంది. వెలుపలి అంచులు మొద్దుగా ఉంటాయి కాబట్టి బట్టకు తగిలినా కోయవు.

పూసను కేవలం అలంకారంగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. ఒక్కో కుట్టును విడిగా తెంపాలంటే వాడి మొనను కుట్టు కిందికి దూర్చాలి. రెండు పొరల మధ్య వరుసగా కుట్లను తెంపుకుంటూ పోవాలంటే పూస ఉన్న మొన బట్టను ఆనుకుని సాగాలి. అప్పుడు పూస బట్ట మీద జారుతుంది కానీ గుచ్చుకోదు. ఈ రెండో పద్ధతి వేగవంతమైనది. అయితే ముతక, దళసరి గుడ్డలకే పరిమితం చేయాలి. పల్చని పట్టు మీద ఇది తగదు.

కొనేముందు పరీక్షించవలసినవి

సీమ్ రిప్పర్ ధర సాధారణంగా పదుల రూపాయల్లోనే ఉంటుంది. బిలాస్‌పూర్ బుధ్‌వారీ బజార్ వంటి చోట్ల కుట్టు సామగ్రి దుకాణంలో ‘సీమ్ రిప్పర్’ అన్న పేరు తోచకపోతే, ‘సిలాయీ ఉధేడ్నే వాలా’ అని హిందీలో అడిగినా అర్థమవుతుంది. ధర తక్కువ కాబట్టి నాణ్యత చూడనవసరం లేదనుకోవడం సరికాదు. కింది అంశాలను దుకాణంలోనే సరిచూసుకోవచ్చు.

పదును: దారం ముక్కను రెండు చేతులతో బిగించి, వంపులోని పదునుకు ఆనించాలి. తాకగానే తెగాలి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగవలసి వస్తే ఆ పనిముట్టు పనికిరాదు.

మొన: సన్నగా, నిటారుగా, నునుపుగా ఉండాలి. పట్టు ముక్క మీద మెల్లగా జరిపితే పోగు తగులుకోకూడదు. దళసరి మొన చిన్న కుట్టు కిందికి దూరదు. బలవంతంగా దూర్చితే రంధ్రం పెద్దదవుతుంది.

పూస: గుండ్రంగా, అంచులు లేకుండా, గట్టిగా అతికి ఉండాలి. పూస ఊడిపోయిన రిప్పర్‌ను వరుసగా తెంపే పనికి వాడకూడదు.

పిడి: లోహపు భాగం పిడిలో కదలకుండా బిగిసి ఉండాలి. కదిలితే మొన ఎటు పోతుందో చేతికి పట్టు చిక్కదు. వేలెడంత చిన్న పిడి పది నిమిషాలకే వేళ్లను నొప్పిపుట్టిస్తుంది. తరచుగా కుట్టేవారికి, వయసు పైబడినవారికి పెన్నులా పట్టుకోగల పొడవాటి పిడి మేలు. పూర్తి గుండ్రని పిడి బల్ల మీద నుంచి దొర్లి కింద పడుతుంది. కాస్త పలకలుగా ఉన్నది నయం.

మూత: మొనను పూర్తిగా కప్పేలా బిగుతుగా ఉండాలి. కొన్నింటిలో ఆ మూతను వెనక తొడిగితే పిడి పొడవు పెరుగుతుంది.

ఎడమచేతి వాటం ఉన్నవారికి సీమ్ రిప్పర్‌తో మరో సౌలభ్యం ఉంది. కత్తెర సాధారణంగా కుడిచేతికి తగినట్టు తయారవుతుంది. రిప్పర్‌కు అటువంటి భేదం లేదు, ఏ చేత్తోనైనా ఒకేలా పనిచేస్తుంది.

కత్తెరలకూ చోటుంది

అన్నిటికీ సీమ్ రిప్పర్ ఒక్కటే సమాధానం కాదు. దర్జీలు దారపు కొసలు కత్తిరించే స్ప్రింగు కత్తెర అరచేతిలో ఇమిడిపోతుంది. నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. దాని సన్నని కొసలతో పైకి కనిపించే కుట్లను త్వరగా తెంపవచ్చు. ఎంబ్రాయిడరీకి వాడే, కొసలు కాస్త పైకి వంగిన చిన్న కత్తెర పట్టుకు మరింత క్షేమం. వంపు వల్ల కొస బట్టకు దూరంగా ఉంటుంది. తెగిన దారాలను ఏరడానికి సన్నని పట్టకారు, కుట్టును కాస్త లేపడానికి మొద్దుకొస సూది తోడుగా ఉంటే పని సులువవుతుంది.

బట్టను బట్టి పనిముట్టు

కోసా, ఇతర పట్టు: వంపు కొసల చిన్న కత్తెర లేదా సన్నని మొన గల కొత్త సీమ్ రిప్పర్ వాడాలి. ఒక్కో కుట్టును విడిగా తెంపాలి. దసలి పట్టు సహజంగా తేనె రంగులో ఉంటుంది. అదే రంగు దారంతో కుట్టినప్పుడు కుట్టుకూ నేతపోగుకూ తేడా కనిపించదు. అందువల్ల పగటి వెలుగులో, అవసరమైతే భూతద్దం పెట్టుకుని చేయడం మంచిది. పట్టులో సూది రంధ్రాలు చాలాకాలం గుర్తుగా మిగులుతాయి. కాబట్టి బట్టను బయటికి వదులు చేసేటప్పుడు పాత కుట్టు గీత పైకి కనిపిస్తుందేమో ముందే అంచనా వేసుకోవాలి.

చీర ఫాల్: నూలు ఫాల్ ఉతుకులో కుదించుకుపోతే చీర అంచు ముడతలు పడుతుంది. ఫాల్ విప్పేటప్పుడు చీరను కాక ఫాల్‌ను పైకి పెట్టుకుని, ఆ వైపు కనిపించే దారాలనే తెంపాలి. చేయి జారినా దెబ్బ తగిలేది ఫాల్‌కే.

మగ్గం పని రవికలు: వీటిలో రెండు రకాల కుట్లుంటాయి. రవికను కలిపేది లాక్‌స్టిచ్. మగ్గం మీద ఆరీ సూదితో వేసే పనిలో ఎక్కువ భాగం గొలుసు కుట్టే. ఆ గొలుసులో ఒక్క దారం తెగినా పూసలు, కుందన్లు వరుసగా ఊడిపోయే ప్రమాదం ఉంది. పని ఉన్న చోట రిప్పర్‌ను వరుసగా తోసుకుపోకూడదు. లోపలి వైపు నుంచి, చిన్న కత్తెరతో ఒక్కో కుట్టే తీయాలి.

యూనిఫాం గుడ్డ, జీన్స్: కుట్లు దట్టంగా, దారం మందంగా ఉంటాయి. పెద్ద పిడి గల దృఢమైన సీమ్ రిప్పర్ కావాలి. పూస కిందికి ఉంచి వరుసగా తెంపే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది.

టీషర్టు వంటి అల్లిక బట్టలు: ఇవి నేసినవి కావు, ఉచ్చులతో అల్లినవి. వాడి మొన ఒక్క ఉచ్చును తెంపినా నిలువుగా గీత జారిపోతుంది. స్ప్రింగు కత్తెరతో పైకి తేలిన దారాన్నే తెంపడం శ్రేయస్కరం.

రెక్సిన్, తోలు: వీటిలో పడ్డ సూది రంధ్రం శాశ్వతం. విప్పిన తర్వాత పాత రంధ్రాల వెంబడే తిరిగి కుట్టడం తప్ప మార్గం లేదు.

విప్పే క్రమం

సాధారణ లాక్‌స్టిచ్‌ను విప్పడానికి సురక్షితమైన పద్ధతి ఒకటుంది. ఒక వైపు నుంచి నాలుగైదు కుట్లకు ఒక కుట్టు చొప్పున తెంపుతూ పోవాలి. తర్వాత బట్టను తిప్పి, రెండో వైపు దారాన్ని మెల్లగా లాగితే అది పొడవుగా ఊడివస్తుంది. రెండు పొరలూ విడిపోతాయి. మొదటి వైపు మిగిలిన చిన్న ముక్కలను పట్టకారుతో గాని, అంటుకునే టేపుతో గాని తీసివేయవచ్చు.

దీనివల్ల శ్రమ ఎంత తగ్గుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు అనుకుంటే 50 సెంటీమీటర్ల గీతలో 200 కుట్లు ఉంటాయి. ఐదింటికి ఒకటి తెంపితే 40 కోతలతో పని ముగుస్తుంది. కోతలు తగ్గిన కొద్దీ చేయి జారే అవకాశమూ తగ్గుతుంది.

కుట్టు మొదట్లో, చివర్లో గట్టిదనం కోసం మిషనును వెనక్కి నడిపి వేసే కుట్లు ఒకదానిపై ఒకటి పేరుకుని ఉంటాయి. అక్కడి నుంచి మొదలుపెడితే బట్ట చిరిగే ప్రమాదం ఎక్కువ. మధ్య నుంచి విప్పుకుంటూ వచ్చి, ఆ చివరలను ఆఖరున ఓపికగా తీయాలి. రెండు పొరలనూ చేతులతో పట్టి చరుక్కున లాగి విడదీయడం ఎట్టి పరిస్థితుల్లోనూ మంచిది కాదు.

రవికను వదులు చేసే సందర్భంలో మరో జాగ్రత్త అవసరం. చాలామంది దర్జీలు పక్క కుట్ల దగ్గర లోపల అదనపు గుడ్డ వదిలి, రెండు మూడు వరుసల కుట్లు వేసి ఉంచుతారు. వరుసల మధ్య పావు అంగుళం దూరం ఉంటే, రెండు పక్కలా శరీరానికి దగ్గరగా ఉన్న ఒక్కో వరుసను విప్పితే మొత్తం చుట్టుకొలత ఒక అంగుళం పెరుగుతుంది. ముందు భాగం, వెనక భాగం కలిపి ఒక్కో పక్కన అర అంగుళం చొప్పున వస్తుంది. అయితే విప్పడానికి ముందు బయటి వరుస గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి. బలహీనంగా ఉంటే దానిపై మరో కుట్టు వేశాకే లోపలిది తీయాలి.

నూలు బట్టలో మిగిలిన రంధ్రాలు నీరు చల్లి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుకుపోతాయి. తడికి నూలు పోగు ఉబ్బడం దీనికి కారణం. పట్టు మీద నీటి చుక్కల మరక పడే అవకాశం ఉంది. అందువల్ల నేరుగా నీరు చల్లకుండా, తిరగేసి, పైన పొడి గుడ్డ పరచి, తక్కువ వేడితో ఇస్త్రీ చేయాలి.

కాజాలు తెరిచేటప్పుడు

మిషను మీద కుట్టిన కాజాను తెరవడానికీ సీమ్ రిప్పర్‌నే వాడతారు. ఒక చివర మొన గుచ్చి ముందుకు తోస్తే మధ్య గుడ్డ తెగుతుంది. వేగంలో రెండో చివరి కుట్టు కూడా తెగిపోవడం తరచుగా జరుగుతుంది. ఆ చివర అడ్డంగా ఒక గుండుసూది గుచ్చి ఉంచితే రిప్పర్ అక్కడే ఆగిపోతుంది. లేదా రెండు చివరల నుంచీ మధ్యకు తెంపుకోవచ్చు.

ఎప్పుడు మార్చాలి?

సీమ్ రిప్పర్ పదును వంపు లోపల ఉంటుంది కాబట్టి దానికి సానపట్టడం ఇంట్లో సాధ్యమయ్యే పని కాదు. దారం తెంపడానికి బలం పెట్టవలసి వస్తోందంటే దాని కాలం తీరినట్టే. మొద్దుబారిన రిప్పర్ పదునైన దానికంటే ప్రమాదకరం. బలం పెట్టిన చేయి దారం తెగగానే అదుపు తప్పి బట్టలోకి దూసుకుపోతుంది. మొన వంగినా, తుప్పు పట్టినా వెంటనే మార్చాలి. తుప్పు మరక లేత రంగు పట్టు మీద పడితే వదలదు. పాత రిప్పర్లను, బ్లేడులను చెత్తలో విడిగా పడేయకుండా మూత గల డబ్బాలో గాని, మందపాటి కాగితంలో చుట్టి గాని వేస్తే చెత్త ఏరేవారి చేతులకు గాయాలు కావు. పని ముగిశాక మూత పెట్టి, పిల్లలకు అందని చోట ఉంచాలి.

ఒక ఇంటికి రెండు పనిముట్లు చాలు. ముతక బట్టలకు పొడవాటి పిడి గల ఒక సీమ్ రిప్పర్, పట్టుకూ మగ్గం పనికీ వంపు కొసల చిన్న కత్తెర ఒకటి. యూనిఫాంకు వాడిన రిప్పర్‌నే పట్టుకు వాడకుండా వేరుగా ఉంచుకుంటే దాని మొన పాడవదు. ఈ రెండింటి ఖర్చు ఒక కోసా చీర ధరలో చాలా చిన్న భాగం. రవిక లోపల దర్జీ వదిలిన అదనపు గుడ్డ అవసరం వచ్చినప్పుడు నిజంగా ఉపయోగపడాలంటే, దాన్ని పట్టి ఉంచిన కుట్టు బట్టకు నష్టం లేకుండా రావాలి. ఆ చీర, ఆ రవిక మరో పదేళ్లు కట్టుకోగలగడం తరచుగా ఈ చిన్న ఎంపిక మీదనే ఆధారపడి ఉంటుంది.